తూకం చెప్పని షుగరు కథ

“మనిషి సన్నగానే ఉన్నాడు కదా, షుగరెలా వచ్చింది?” ఉప్పల్‌, నాచారం కాలనీల్లో రిపోర్టు చేతికందిన ఇంట్లో ముందుగా వినిపించే ప్రశ్న ఇది. పొద్దున్నే ల్యాబ్‌ ముందు పరగడుపున వరుసగా కూర్చున్న మగవాళ్లను చూస్తే ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. చేతులు సన్నం, కాళ్లు సన్నం, చొక్కా గుండీల దగ్గర మాత్రం పొట్ట ముందుకు వచ్చి ఉంటుంది. తూకం యంత్రం ఎక్కితే 68 కిలోలని చూపించి ఊరుకుంటుంది. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరిందన్నది చెప్పదు. ఈ మూడు సంగతులూ తేల్చడానికి వైద్యానికి చాలాకాలమే పట్టింది. ఆ చరిత్రలో కొన్ని పుటలు మన ఉప్పల్‌ రోడ్డు పక్కనే రాశారు.

ఒంటి తీరుకూ ఈ జబ్బుకూ ముడి ఉందన్న ఆలోచన మనకు పాతదే. మధుమేహం పుట్టుకతో వచ్చేదొకటి, అపథ్యం వల్ల వచ్చేదొకటి అని సుశ్రుతుడు విడదీశాడు. మొదటి రకం రోగి చిక్కి ఉంటాడనీ, రెండో రకం రోగి లావుగా, తిండి ఎక్కువై, కూర్చోవడం పడుకోవడం మీదే ఇష్టంగా ఉంటాడనీ చెప్పాడు.

ఆధునిక వైద్యంలో 1921 పెద్ద మలుపు. ఆ ఏడాది టొరంటోలో ఇన్సులిన్‌ దొరికింది. 1936లో లండన్‌ వైద్యుడు హారాల్డ్‌ హిమ్స్‌వర్త్‌, షుగరు ఉన్నవాళ్లలో చాలామందికి ఇన్సులిన్‌ ఇచ్చినా శరీరం సరిగా స్పందించడం లేదని చూపించాడు. 1947లో ఫ్రాన్స్‌ వైద్యుడు జాఁ వాగ్‌ ఇంకో అడుగు వేశాడు. కొవ్వు పొట్ట దగ్గర చేరడం మగవాళ్ల తీరు, తుంటి దగ్గర, తొడల దగ్గర చేరడం ఆడవాళ్ల తీరు అనీ, షుగరుకు దారితీసేది మొదటి తీరేననీ తేల్చాడు. అంత విలువైన మాటకు దశాబ్దాల పాటు రావాల్సినంత పేరు రాలేదు. బరువును ఎత్తుతో లెక్కగట్టే కొలతకు 1972లో ఆన్సెల్‌ కీస్‌ బీఎంఐ అని పేరు పెట్టాక లోకమంతా ఆ అంకెనే పట్టుకుంది.

ఇక మన దారికి వద్దాం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ దాటి తార్నాక వస్తుంది. అక్కడున్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది మాత్రం నీలగిరుల్లోని కూనూరులో. 1918లో రాబర్ట్‌ మెక్‌కారిసన్‌ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు అక్కడ చిన్న ప్రయోగశాల పెట్టాడు. అది 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. ఆ రోజుల్లో దాని ముందున్న పెద్ద సమస్య ఆకలి. బక్కచిక్కిన పిల్లలు, రక్తం లేని తల్లులు. కడుపు నిండని జనానికి షుగరు పెద్ద బెడదవుతుందని అప్పుడు ఎంతమంది అనుకుని ఉంటారు?

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదింటి కుండలో అన్నం ఉడికింది. అది మరిచిపోకూడని మేలు. కానీ అన్నం పెరిగినంతగా కంచంలో పప్పు, గుడ్డు, కూరలు పెరగలేదు. పొలం పనులు వదిలి ఊళ్ల నుంచి నగరానికి వచ్చినవాళ్లలో చాలామందికి ఒళ్లు వంచే అవసరం తగ్గింది. కండ కరిగింది, పొట్ట పెరిగింది. 2000లో ఆరు మహానగరాల్లో సర్వే చేస్తే షుగరు ఎక్కువగా కనిపించింది మన హైదరాబాద్‌లోనే. పెద్దవాళ్లలో 16.6 శాతం మందికి ఉంది. చెన్నైలో 13.5, ఢిల్లీలో 11.6 శాతం.

అంతకు నాలుగేళ్ల ముందే, 1996లో, తార్నాక సంస్థ పెంచే ఎలుకల్లో వాటంతట అవే స్థూలకాయంతో పుట్టినవి కనిపించాయి. వాటి సంతతిని రెండు జాతులుగా పెంచారు. రెండూ లావే. అయితే ఒక జాతికి ఒంట్లో ఇన్సులిన్‌ విపరీతంగా ఉన్నా చక్కెర మామూలుగానే ఉంది. రెండో జాతి చక్కెరను సరిగా అరాయించుకోలేకపోయింది. లావు ఒక్కటే షుగరును నిర్ణయించదని ఆ ఎలుకలే చెప్పాయి.

మనుషుల విషయంలో ఈ మాటను కళ్లకు కట్టింది పుణె వైద్యుడు యాజ్ఞిక్‌. 2004లో ఆయన, ఆయన మిత్రుడు లండన్‌ వైద్యుడు యడ్కిన్‌ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వైద్య పత్రిక ‘లాన్సెట్‌’లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యడ్కిన్‌ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్‌ ఒంట్లో 21.2 శాతం. మన పిల్లలు పుట్టుకలోనే బరువు తక్కువగా, కండ తక్కువగా ఉన్నా కొవ్వు నిలుపుకునే పుడుతున్నారని కూడా ఆయన బృందం చూపింది.

అయితే దీన్ని తల్లి కడుపులో ఉన్నప్పుడే సరిదిద్దవచ్చా? తార్నాక సంస్థ 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్‌ దగ్గరి 29 ఊళ్లలో ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనంగా ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెళ్లి పరీక్షించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు పెరిగారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్‌కు లొంగని గుణం దాదాపు 20 శాతం తక్కువగా ఉంది. ఒక గిన్నెడు ఉప్మా చేసిన మేలు పదిహేనేళ్ల తర్వాత రక్తంలో కనిపించిందంటే, తల్లి కంచం ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? మరోవైపు, హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు యాజ్ఞిక్‌ బృందంతో కలిసి మనవాళ్ల షుగరు వెనకున్న జన్యువులను వెతికారు. లావుకు సంబంధించినదిగా పేరుపడ్డ ఎఫ్‌టీఓ అనే జన్యువుకు మనవాళ్లలో షుగరుతో ఉన్న సంబంధాన్ని బీఎంఐ ఒక్కటే వివరించలేదని 2009లో తేలింది.

ఇంతకీ ఒంట్లో జరిగేదేమిటి? అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరను దాచుకునే పెద్ద కొట్టు కండ. కండ తక్కువైతే కొట్టు చిన్నదవుతుంది. పనిలేక కూర్చుంటే దాని తలుపు మూసుకుంటుంది. మరోవైపు పొట్ట లోపలి కొవ్వు నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయానికి కొవ్వు పడితే అది రాత్రంతా చక్కెరను వదులుతూనే ఉంటుంది. పరగడుపు షుగరు పెరగడానికి ఇదొక కారణం. మగవాడి కొవ్వు చర్మం కింద ఎక్కువగా నిలవక త్వరగా పొట్ట లోపలికి చేరుతుంది కనుక, ఆడవాళ్లకంటే తక్కువ బరువులోనే అతనికి షుగరు వస్తుంది. స్కాట్లండ్‌లో 2011లో చూస్తే, జబ్బు బయటపడే నాటికి మగవాళ్ల సగటు బీఎంఐ 31.8, ఆడవాళ్లది 33.7.

ఒకే బీఎంఐలోనూ మనవాళ్ల ఒంట్లో కొవ్వు ఎక్కువ కనుకే 2009లో మన వైద్యులు భారతీయులకు వేరే హద్దులు పెట్టారు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని అప్పుడు లెక్కగట్టారు. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు మించకూడదు. చెన్నైలో 2006లో వెలువడిన అధ్యయనం ఇంకా ధైర్యం చెప్పింది. తిండి మార్చి, రోజూ నడిచినవాళ్లకు బరువు పెద్దగా తగ్గకపోయినా షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మన తార్నాక సంస్థే 2024లో, రోజులో తినే కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దని చెప్పింది.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. ప్యాంటు సైజు చూసి “నాది 34 అంగుళాలే” అని నిశ్చింతగా ఉండకండి. పొట్ట వచ్చినవాళ్లు ప్యాంటు పొట్ట కిందికి కట్టుకుంటారు. ఆ కొలత నడుముది కాదు. ఇంట్లో టైలరు టేపు ఉంటే తీయండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన చుట్టి, పొట్ట లోపలికి పీల్చకుండా, ఊపిరి వదిలి చూడండి. 90 సెంటీమీటర్లు దాటితే తూకం ఎంత చూపించినా సరే, రేపు పొద్దున పరగడుపున వెళ్లి రక్తం ఇవ్వండి. నాన్నను, అన్నను కూడా వెంట తీసుకెళ్లండి.