మన ఊరి లెక్క మనమే రాయాలి: అర్థశాస్త్ర గురువు జె.సి. కుమారప్ప

మన గూడేలకు లెక్కలు రాసుకునేవాళ్లు వస్తూనే ఉంటారు. జనాభా లెక్కకు వస్తారు, పోడు సర్వేకు వస్తారు, రేషన్ కార్డుల కోసం వస్తారు. రాసుకొని వెళ్లిపోతారు. ఆ కాగితాల్లో మన గురించి ఏం రాశారో మనకు తెలియదు. కొన్నేళ్ల తర్వాత అదే లెక్క చూపించి మీరు వెనుకబడినవాళ్లు అంటారు. మనం నమ్ముతాం, మన పిల్లలూ నమ్ముతారు.

ఊరి లెక్కను ఊరివాళ్ల పక్కన కూర్చొని రాయాలని, అది కూడా విద్యార్థుల చేత రాయించాలని దాదాపు వందేళ్ల కిందట చేసి చూపించిన అర్థశాస్త్ర గురువు ఒకరున్నారు. ఆయనే జె.సి. కుమారప్ప. ఆయన ఆదివాసీ కాదు, తెలుగువాడూ కాదు. అయినా మన యువత, మన ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

కుమారప్ప 1892 జనవరి 4న తంజావూరులో ఒక తమిళ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. అప్పటి పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. లండన్‌లో అకౌంటెన్సీ చదివి, బొంబాయిలో ఆడిటర్‌గా పనిచేశారు. సూటు, బూటు, మంచి సంపాదన. బ్రిటిష్ పాలన దేశానికి మేలు చేస్తుందనే అనుకునేవారు.

1927లో అమెరికా వెళ్లి సిరక్యూస్‌లో, ఆ తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. భారతదేశం ఎందుకు పేదగా ఉందన్న విషయం మీద అక్కడ ఒకసారి ఉపన్యాసం ఇచ్చారు. ఆ వార్త పత్రికలో చూసిన ప్రొఫెసర్ సెలిగ్మన్, ఆ ప్రశ్న మీదే పరిశోధన చేయమన్నారు. అంతకు పదేళ్లకు పైగా ముందు డాక్టర్ అంబేద్కర్‌కు కొలంబియాలో చదువు చెప్పింది కూడా ఈ సెలిగ్మనే. గురువు చెప్పినట్టు కుమారప్ప సర్కారు జమాఖర్చులు తిరగేశారు. రైతు కట్టే పన్ను ఎక్కడికి పోతోంది? సైన్యానికి, అప్పులకు, పెద్ద ఉద్యోగుల జీతాలకు పోతోంది. రైతుకు తిరిగి వచ్చేది చాలా తక్కువ. ఆయన మనసు మార్చింది ఎవరి ఉపన్యాసమో కాదు, తాను స్వయంగా వేసుకున్న లెక్క. ఆ కాలంలోనే కార్నీలియస్ అనే పేరు వదిలి, పూర్వికుల పేరు కుమారప్పను తిరిగి పెట్టుకున్నారు.

ఆ పరిశోధనా వ్యాసం అచ్చు వేయించాలని 1929 మే నెలలో సబర్మతి ఆశ్రమానికి వెళ్లి గాంధీని కలిశారు. గాంధీ వ్యాసాన్ని తన 'యంగ్ ఇండియా' పత్రికలో వేస్తానన్నారు. దానితోపాటు గుజరాత్‌లో ఒక గ్రామ సర్వే చేయమని అడిగారు. కుమారప్పకు గుజరాతీ రాదు. విద్యాపీఠం విద్యార్థులు తోడుంటారని గాంధీ చెప్పారు.

అలా ఆయన గుజరాత్ విద్యాపీఠంలో అధ్యాపకుడయ్యారు. ఖేడా జిల్లా మాతర్ తాలూకాలో యాభైకి పైగా ఊళ్లు విద్యార్థులతో కలిసి తిరిగారు. ఒక్కో ఇంటికి ఎంత భూమి ఉంది, ఎంత పండింది, విత్తనాలకు, ఎడ్లకు ఎంత ఖర్చయింది, షావుకారుకు ఎంత బాకీ, శిస్తు ఎంత అని అడిగి రాశారు. రైతులు శిస్తు కట్టుకోగలరని సర్కారు అంటున్న రోజులవి. అంతకు ముందు ఏడాదే, 1928లో, శిస్తు పెంపు మీద బార్డోలీ రైతులు పోరాడారు. మాతర్ లెక్క తేల్చింది ఏమిటంటే, ఎన్నో ఇళ్లలో సాగు ఖర్చు పోతే శిస్తు కట్టడానికి మిగిలేది ఏమీ లేదు. రైతు శిస్తు కట్టేది పంటలోంచి కాదు, అప్పులోంచి. సర్కారు కాగితానికి విద్యార్థుల కాగితం జవాబు చెప్పింది.

టీచర్లుగా మనం ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ విద్యార్థులు అర్థశాస్త్రాన్ని తరగతి గదిలో కూర్చొని బట్టీ పట్టలేదు. ఇల్లిల్లూ తిరిగి నేర్చుకున్నారు. అలా నేర్చుకున్నది ఊరికి పనికొచ్చింది.

1934 చివరలో అఖిల భారత గ్రామోద్యోగ సంఘం ఏర్పడింది. దానికి కుమారప్ప కార్యదర్శి. వార్ధాలోని మగన్‌వాడీలో గానుగ, దంపుడు బియ్యం, చేతి కాగితం, తాటి బెల్లం, తేనెటీగల పెంపకం నేర్పించారు. అదే ఏడాది బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు సహాయ నిధి లెక్కలు కూడా కుమారప్పే చూశారు. గాంధీ బృందం అక్కడికి వచ్చినప్పుడు వాళ్ల ఖర్చు ఆ నిధిలోంచి ఇవ్వనన్నారు. బాధితుల డబ్బు బాధితులకే అన్నది ఆయన పట్టుదల.

1938లో మధ్య పరగణాల ప్రభుత్వం పరిశ్రమల సర్వే సంఘానికి ఆయనను అధ్యక్షుణ్ని చేసింది. ఆరు వందలకు పైగా గ్రామాల పరిస్థితిని ఆ సంఘం పరిశీలించింది. మధ్య పరగణాలంటే మనకు దూరం కాదు. పెన్‌గంగ, ప్రాణహిత నదులకు అవతలి ఒడ్డు. ఇవతల ఆదిలాబాద్‌లో ఉన్న గోండుల చుట్టాలు అవతల చాందా జిల్లాలో ఉన్నారు. అడవిని సర్కారుకు ఆదాయం తెచ్చే ఆస్తిగా చూడకూడదని, ముందు జనం అవసరాలు చూడాలని కుమారప్ప వాదించారు. ఆయన పోయిన చాలా కాలానికి, 1996 నాటి పెసా చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయంపై గ్రామసభకు యాజమాన్యం ఉండాలంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును కూడా ఆ ఫలసాయంలో చేర్చింది. ఆ చట్టాలు ఆయన వల్ల రాలేదు, ఆదివాసుల పోరాటాల వల్ల వచ్చాయి. కానీ ఆ న్యాయాన్ని అర్థశాస్త్రం భాషలో ముందే చెప్పినవారిలో ఆయన ఒకరు.

స్వాతంత్ర్య పోరాటంలో ఆయన ఒకటికి రెండుసార్లు జైలుకు వెళ్లారు. క్విట్ ఇండియా కాలంలో జబల్‌పూర్ జైలులో రాసిన పుస్తకం 'ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్'. శాశ్వతంగా నిలిచే ఆర్థిక వ్యవస్థ ఎలా ఉంటుందో ఆ పుస్తకం చెప్తుంది. దానికి గాంధీ ముందుమాట రాశారు. అందులో కుమారప్ప జీవుల బతుకుతెరువును కొన్ని తరగతులుగా విభజించారు. పులి మరో ప్రాణిని చంపి బతుకుతుంది. కోతి తాను నాటని తోటలో పండు తిని పోతుంది. తేనెటీగ పువ్వు నుంచి తేనె తీసుకుంటుంది, కానీ ఆ పువ్వు కాయ కావడానికి సాయం చేస్తుంది. తన ఒక్కదాని కోసం కాక తుట్టె మొత్తం కోసం పనిచేస్తుంది. అన్నిటికంటే పైన తల్లి పక్షి ఉంది. అది బదులు ఏమీ ఆశించకుండా పిల్లలకు మేత పెడుతుంది. మనిషి తన సంపాదన ఏ మెట్టు మీద ఉందో చూసుకోవాలని ఆయన అన్నారు.

ఈ మాట మన పెద్దలకు కొత్తగా చెప్పనక్కరలేదు. తేనె తీసేటప్పుడు పిల్లపురుగులున్న భాగం వదిలి, తేనె ఉన్న భాగమే కోయమని చెప్పేవాళ్లు మన గూడేల్లో ఇప్పటికీ ఉన్నారు. దీన్ని పుస్తకంలో చదివితే ఆర్థిక శాస్త్రం అంటున్నాం. తాత చెప్తే పాత కాలపు మాట అంటున్నాం.

స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెస్ వేసిన వ్యవసాయ సంస్కరణల సంఘానికి ఆయన అధ్యక్షులు. దున్నేవాడికీ ప్రభుత్వానికీ మధ్య దళారీ ఉండకూడదని 1949 నాటి ఆ నివేదిక చెప్పింది. వితంతువులు, మైనర్లు, వికలాంగులు తప్ప మిగతావారు భూమిని కౌలుకు ఇచ్చి కూర్చొని తినకూడదంది. అందులో చాలా భాగం అమలు కాలేదు. ఆయన చివరి రోజులు మదురై దగ్గర కల్లుపట్టి ఆశ్రమంలో గడిచాయి. 1960 జనవరి 30న, గాంధీ చనిపోయిన తేదీనాడే, కన్నుమూశారు.

కుమారప్పను గుడ్డిగా ఒప్పుకోవాలని మేము అనడం లేదు. ఊరు అనగానే ఆయనకు అందరూ కలిసి బతికే చోటు కనిపించింది. ఊళ్లో కులం చేసే పనిని అంబేద్కర్ చూసినంత లోతుగా ఆయన చూడలేదు. ఒకే గురువు దగ్గర చదివిన ఈ ఇద్దరినీ మన యువత పక్కపక్కన పెట్టుకొని చదవాలి. చేతివృత్తి గొప్పదని చెప్పి మన పిల్లల్ని బుట్టలల్లుకునే దగ్గరే ఉంచేస్తామంటే అదీ ఒప్పుకోకూడదు. వాళ్లు ఇంజనీర్లు కావాలి, ఆడిటర్లు కావాలి. కుమారప్ప కూడా ఆడిటరే కదా. పెద్ద చదువు ఆయనను ఊరికి దూరం చేయలేదు, ఊరి లెక్క సరిగా చూడడం నేర్పింది.

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లల చేత ఒక ఎండాకాలం సంత లెక్క రాయించాం. ఇంటి నుంచి సంతకు ఏం పోయింది, సంత నుంచి ఇంటికి ఏం వచ్చింది, ఇంతే. గింజ తీయకుండా చింతపండు అమ్మేస్తున్నామని, ఆ గింజ తీసే పనికి వచ్చే డబ్బు వేరేవాళ్లకు పోతోందని పిల్లలే చెప్పారు. ఇప్పపువ్వు కాలంలో తక్కువ ధరకు అమ్మి, వానాకాలంలో అదే పువ్వు ఎక్కువ ధరకు కొంటున్న ఇళ్లు కొన్ని బయటపడ్డాయి. ఒక అమ్మాయి ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి వాళ్ల అమ్మకు చదివి వినిపించింది. మరుసటి ఏడాది వాళ్లింట్లో రెండు గంపల పువ్వు ఎండబెట్టి దాచుకున్నారు.

రెండు గంపలతో పేదరికం పోదు. కానీ ఆ ఇంటి లెక్క ఆ ఇంటివాళ్ల చేతికి వచ్చింది. ప్రతి బడిలో ఒక నోటుపుస్తకం పెట్టి, మన భూమి, మన అడవి, మన అప్పు, మన సంత అందులో మన పిల్లల చేత రాయిద్దాం. గ్రామసభలో ఆ పుస్తకం ముందు పెట్టి మాట్లాడదాం. రేపు ఎవరైనా లెక్క రాసుకోవడానికి వస్తే, మా లెక్క మా దగ్గర ఉంది, ముందు అది చూడండి అని చెప్పగలగాలి.