మలబార్ విజిలింగ్ థ్రష్
పడమటి కనుమల తడి అడవుల్లో, కొండవాగుల ఒడ్డున స్థిరనివాసముండే పక్షి. శాస్త్రీయ నామం మయోఫోనస్ హార్స్‌ఫీల్డియై. సాత్పురా కొండల్లోనూ, తూర్పు కనుమల ఉత్తర భాగంలోనూ అక్కడక్కడా ఉంటుంది. చాలాకాలం థ్రష్ కుటుంబంలోనే లెక్కించిన దీన్ని ఇప్పుడు ఈగపట్టు పిట్టల కుటుంబంలో చేర్చారు.

పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దూరం నుంచి మామూలు నల్లపిట్టలానే ఉంటుంది. ఎండ పడితేనే నుదుటి మీద, భుజాల మీద నీలం ధగధగలాడుతుంది. హిమాలయాల్లోని దీని బంధువుకు ముక్కు పసుపు. దీనికి ముక్కూ కాళ్లూ నలుపే.

దీని పేరు నిలబెట్టింది పాటే. చీకటి విడవకముందే మొదలవుతుంది: తీరూతెన్నూ లేకుండా ఎక్కుతూ దిగుతూ సాగే ఈల, అచ్చం బడి ఎగ్గొట్టిన కుర్రాడు తోచినట్టు వేసే ఈల. ఇంగ్లిషువాళ్లు ‘విజిలింగ్ స్కూల్‌బాయ్’ అన్నది అందుకే. ఈ పాట కోసమే ఒకప్పుడు దీన్ని పంజరాల్లో పెంచేవారు.

పురుగులు, ఎండ్రకాయలు, కప్పలు, అడవి పండ్లు తింటుంది. ఎండ్రకాయ దొరికితే రాతికేసి బాది మరీ మింగుతుంది. వానాకాలంలో వాగు పక్క బండల సందుల్లో నాచు, వేర్లతో గిన్నెలాంటి గూడు కట్టి, రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. ఆడా మగా రెండూ పొదుగుతాయి.