చీనా ఫలములు – తెలుగు పేళ్లు

దేశచరిత్రను తెలిసికొనుటకు శాసనములను, నాణెములను, కైఫీయతులను పరిశీలించుట మనకు వాడుక. వంటయింటి గిన్నెలును, పండ్ల బుట్టలును ఆ పనికి ఉపకరించునని మనము సాధారణముగా తలంపము. నేటి హైదరాబాదునకు వచ్చిన ఒక క్రొత్త రుచిని ఆధారముగా గొని ఈ విషయమును కొంత విచారింతము.

మాదాపురము పరిసరములు ఒకప్పుడు బండరాళ్ల గుట్టలు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. పిమ్మట హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపురము కలిసి సైబరాబాదుగా పెరిగినవి. ఉద్యోగులతోపాటు పలుదేశముల రుచులును అచ్చటికి చేరినవి. చీనా పద్ధతి ఫలహారశాలలలో వడ్డించు మధురపదార్థము లలో మిక్కిలి పేరుపొందిన దొకటి కలదు. మామిడిపండు గుజ్జు, పంపరపనస తొనల ముత్యములు, ఉడికించిన సగ్గుబియ్యము, కొబ్బరిపాలు కలిపి చల్లగా అందింతురు. 1984 ప్రాంతమున హాంకాంగులోని లీ గార్డెన్ అను భోజనశాలవారు దీనిని కల్పించిరని చెప్పుదురు. అనగా వయస్సున అది మన పెసరట్టుకంటె ఎంతయో చిన్నది!

ఇది పరదేశపు రుచి, మనకు దీనితో సంబంధము లేదని అనుట సులభము. కాని గిన్నెలోని వస్తువులను ఒక్కొక్కటిగా పలుకరించిచూడుడు.

మామిడి జన్మస్థానము భారత, బర్మా సరిహద్దు ప్రాంతములు. 7వ శతాబ్దమున మన దేశమున సంచరించిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఇచ్చటి ఫలములను పేర్కొనుచు మామిడిని చెప్పినాడు. ఆయన ఆంధ్రదేశమునకును వచ్చి ధాన్యకటకమును దర్శించినాడు. అదియే నేటి అమరావతి. ఆ కాలముననే, 647లో, చీనా చక్రవర్తి తై‌త్సుంగు చెరకురసమును కాచి శర్కర చేయు విధానమును నేర్చి రమ్మని మగధకు మనుష్యులను పంపెనని చీనా చరిత్రలు చెప్పుచున్నవి. కావున ఆ గిన్నెలోని మామిడియు, తీపియు మనవైపునుండి తరలినవే.

అటనుండి ఇటు వచ్చినవియును గలవు. పంజాబుప్రాంతమునకు పీచిపండును, బేరిపండును చీనానుండి వచ్చినవారు తెచ్చిరని, అందుచే పీచిపండును చీనానియనియు, బేరిపండును చీనరాజపుత్రమనియు పిలిచిరని హ్యూయన్‌త్సాంగే వ్రాసినాడు. పండు వచ్చిన త్రోవ దాని పేరున నిలిచిపోవుట కిది చక్కని నిదర్శనము.

ఉత్తరమున కొండదారి యున్నట్లే మనకు సముద్రపుదారి యుండెను. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవున అభయశాసనము వ్రాయించెను. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు లాగికొను ఆచారమును మాన్పించి, న్యాయమైన సుంకము మాత్రమే తీసికొందునని వర్తకులకు మాటయిచ్చెను. సుంకము విధించిన సరకుల పట్టికలో చీనా కర్పూరము కలదు. 13వ శతాబ్దాంతమున చీనానుండి సముద్రమార్గమున వచ్చిన మార్కోపోలో సైతము ఈ మోటుపల్లి రాజ్యమును వర్ణించినాడు.

ఇక పంపరపనస. దీని పుట్టిల్లు ఆగ్నేయాసియా. 1605లో మచిలీపట్టణమున వర్తకశాలను నెలకొల్పిన డచ్చివారు ఈ ఫలమును పొంపెల్మూస్ అనిరి. మన పంపరపనసలో ఆ మాటయే ధ్వనించుచున్నది. నోటికి తిరుగని పరభాషాపదమునకు మనవారు ఎరిగిన పనసను జోడించి తమదిగా చేసికొనిరి కాబోలు. ఆ డచ్చివారికి తూర్పుదీవులలో ముఖ్యస్థానము బటేవియా, అనగా నేటి జకార్తా. వంగదేశీయులు పంపరపనసనే బాతాబి నిమ్మ యందురు. మన బత్తాయి పేరును ఆ బటేవియానుండి వచ్చినదే.

ఆ బత్తాయినే రాయలసీమలో ఏమందురు? చీనీ! నల్లగొండ రైతు బత్తాయితోట యనును, అనంతపురము రైతు చీనీతోట యనును. ఒక పేరు ఓడ బయలుదేరిన రేవును, రెండవ పేరు పుట్టిన దేశమును చెప్పుచున్నవి. పంపరపనసకును, కమలాజాతికిని కలిగిన సంకరమే ఈ పండనియు, దాని జన్మభూమి దక్షిణ చీనా ప్రాంతమనియు నేటి శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఏ గ్రంథమును చదువని సీమరైతు నోట ఆ సత్యము ముందే యున్నది.

సగ్గుబియ్యపు కథయు నిట్టిదే. సగ్గు అనునది మలయా భాషలోని సాగు అను మాట. ఆ దేశమున ఒకజాతి తాటిచెట్టు బోదెనుండి ఆ పిండిని తీయుదురు. మనము పాయసమునకు వాడునది మాత్రము కర్రపెండలపు దుంపనుండి తీసినది. దుంప దక్షిణ అమెరికాది. దానిని మన దేశమునకు తెచ్చినవారు పోర్చుగీసువారు. సగ్గుబియ్యముగా మలచునది సామర్లకోట, పెద్దాపురము ప్రాంతపు మిల్లులు. మలయా పేరు, అమెరికా దుంప, గోదావరిసీమ పనితనము ఒక్క గింజలో కలిసినవి.

హైదరాబాదున కిట్టి కలయిక క్రొత్త కాదు. పెండ్లివిందులలో వడ్డించు ఖుబానీ కా మీఠాలోని జల్దారుపండు మధ్యాసియా దారిన వచ్చినది. ఇరానీవారి చాయ్ అంగళ్లు నగరమునకు గురుతైనవి. చీనా ఫలమధురమునకును రేపు అట్టి స్థానము లభించిన ఆశ్చర్యము లేదు.

చింతింపవలసినది వేరొకటి కలదు. కరవుకాలమున బోరుబావులు ఎండగా, అనంతపురము రైతులు ట్యాంకర్లతో నీరు తోలి చీనీచెట్లను కాపాడుకొనుటకు పాటుపడిరి. కాపాడలేక నరికివేసినవారును ఎందరో. ఆ తోటల రాబడితో చదువుకొని సైబరాబాదులో ఉద్యోగము చేయుచున్న బిడ్డలును ఉందురు. వారు పంపరపనసను ఆంగ్లనామముతో కోరి తెప్పించుకొని, క్రొత్తపండని సంతోషించి, ఇది మన పెరటి చీనీకి జనకమని ఎరుగకపోవచ్చును. చెట్టు ఎండినచో మరల నాటవచ్చును. పేరు మరచినచో, అది వచ్చిన త్రోవయు దానితోనే చెరిగిపోవును.

కావున క్రొత్త రుచులను నిస్సంకోచముగా ఆరగింతము. పిల్లలతో కలిసి తినునపుడు మాత్రము పంపరపనసను పంపరపనసయనియే పిలుతము. చీనీకి ఆ పేరెట్లు వచ్చినదని వారు ప్రశ్నించిన, మోటుపల్లి రేవును, మచిలీపట్టణపు ఓడలను చూపి చెప్పుటకు మనయొద్ద చక్కని కథ యున్నది.