అధ్యాపకులకు వ్యక్తిగత బోధన, సాంకేతిక సహాయం: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం

కళాశాల అధ్యాపకుడి పక్కన కూర్చుని, ఆయన పాఠం ఎక్కడ తడబడుతోందో, కంప్యూటరులో ఏ పని ఆగిపోయిందో చూసి అక్కడికక్కడే సాయపడే పద్ధతి ఇది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం 1962లోనే అధ్యాపకుల బోధన మెరుగుపరచడానికి ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. 1970వ దశకంలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఇంకో అడుగు ముందుకు వేసింది. తరగతిని వీడియో తీసి, ఆ అధ్యాపకుడితో సలహాదారు కూర్చుని దాన్ని చూస్తూ మాట్లాడేవారు.

మన దేశం వేరే దారి పట్టింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలను ప్రారంభించింది. రాయలసీమ అధ్యాపకులకు అందుబాటులో ఉన్నది తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ కేంద్రం. కొత్తవారికి నాలుగు వారాల ఓరియెంటేషన్, అనుభవం ఉన్నవారికి మూడు వారాల రిఫ్రెషర్ కోర్సు. పదోన్నతికి ఈ సర్టిఫికెట్లు అవసరం కాబట్టి అందరూ వెళ్లేవారు. వేర్వేరు ఊళ్ల అధ్యాపకులు కలిసి చర్చించుకోవడం వీటివల్ల కలిగిన నిజమైన మేలు. అయితే హాలు నిండా కూర్చున్నవారికి చెప్పే ఉపన్యాసంలో ఒక్కరి చిక్కుకు చోటుండదు. ఈ కేంద్రాలు 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలుగా పేరు మార్చుకున్నాయి.

ఈ కాలంలోనే మన ప్రాంతంలో కళాశాలలు, విశ్వవిద్యాలయాలు పెరిగాయి. నంద్యాలలో 1995లో రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది. 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, అనంతపురంలో జేఎన్‌టీయూ ఏర్పడ్డాయి. ఈలోగా సాంకేతికత మరో వైపునుంచి వచ్చింది: 2004లో ఎడ్యుశాట్ ఉపగ్రహం, ఐఐటీల ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు, 2017లో స్వయం ఆన్‌లైన్ కోర్సుల వేదిక. చిన్న పట్టణాల అధ్యాపకులకు మంచి పాఠాలు ఇంటికే వచ్చాయి. వాటిని తమ తరగతికి ఎలా మలచుకోవాలో చెప్పే మనిషి మాత్రం వాటితోపాటు రాలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆ లోటు ఒక్కసారిగా బయటపడింది. ముప్పై ఏళ్లు నల్లబల్ల ముందు నిలబడినవారు ఫోన్‌లో గూగుల్ మీట్ తెరవాల్సి వచ్చింది. కంప్యూటర్ సైన్స్ లెక్చరరో, ల్యాబ్ టెక్నీషియనో, పీజీ చదివే పాత విద్యార్థో ఫోన్‌లో "సార్, కింద మైక్ బొమ్మ నొక్కండి" అని చెబుతుంటే పాఠాలు సాగాయి. ఎన్ని కోర్సులు పెట్టినా ఇలాంటి సాయం లేకపోతే ఆ సంవత్సరం గడిచేది కాదు.

తెలుగు అధ్యాపకులకు ఎదురయ్యే చిక్కు మరీ ప్రత్యేకం. ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేయించుకున్న నోట్స్‌ను వెబ్ పేజీలో అతికిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి. అవి యూనికోడ్ కావు. కన్వర్టర్‌తో మార్చాలి, మారిన తర్వాత ఒత్తులు, గుణింతాలు వరుసగా సరిచూడాలి, ఆపై ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డో, గొంతుతో టైపు చేసే పద్ధతో అలవాటు చేయాలి. సెమినార్‌లో తేలే పని కాదిది. ఆళ్లగడ్డ శిల్పశాలలో ఉలి పట్టే కోణాన్ని గురువు శిష్యుడి చేయి పట్టుకుని సరిచేసినట్టు, పక్కన కూర్చుని చేయించాల్సిందే.

ఈ సాయంలో గ్రంథాలయాల పాత్రను చాలామంది గుర్తించరు. యూజీసీ గ్రంథాలయ అనుసంధాన కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ఎన్-లిస్ట్ పథకం ద్వారా డిగ్రీ కళాశాలల వారికి ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు అందుతాయి. లాగిన్ తెప్పించి, తొలిసారి కావలసిన వ్యాసం వెతికి చూపించేది తరచుగా లైబ్రేరియనే. ఆ ఒక్క గంట సాయం ఏళ్లపాటు పనికొస్తుంది.

2020 జాతీయ విద్యావిధానం ఈ అవసరాన్ని గుర్తించింది. భారతీయ భాషల్లో బోధించగలవారితో సహా అనుభవజ్ఞులైన, విశ్రాంత అధ్యాపకులు కళాశాల అధ్యాపకులకు మార్గదర్శకత్వం వహించేలా జాతీయ మిషన్ ఏర్పాటు చేయాలని ప్రతిపాదించింది. నంద్యాలకు నలభై కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డ వంటి చోట్ల పక్కన కూర్చుని సాయపడే ఈ బాధ్యతకు వర్క్‌లోడ్‌లో గంటలు కేటాయించాలి. ఇప్పుడది సహోద్యోగుల మంచితనం మీదే నడుస్తోంది.