పక్షవాత చికిత్సలో మెదడు ఉద్దీపన పరిశోధన

పుర్రెను తెరవకుండా, తలపై నుంచే అయస్కాంత క్షేత్రంతోనో స్వల్ప విద్యుత్తుతోనో మెదడును ప్రేరేపించి, పక్షవాతం వచ్చినవారి చేతికి పట్టు, నోటికి మాట తిరిగి తెచ్చే ప్రయత్నమిది.

1980లో బ్రిటన్‌లో మెర్టన్, మోర్టన్ తలపై ఎలక్ట్రోడ్లు పెట్టి విద్యుత్తుతో కండరాలను కదిలించారు. పద్ధతి పనిచేసింది గానీ నొప్పి ఎక్కువ. ఆ బాధ 1985లో తప్పింది. షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తీగచుట్టలోకి క్షణకాలం బలమైన కరెంటు పంపింది. అప్పుడు పుట్టిన అయస్కాంత క్షేత్రం ఎముకను దాటి మెదడులో విద్యుత్తును పుట్టించింది. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలుస్ ఒక మిల్లీఆంపియర్ కరెంటుతోనే మెదడు స్పందనను పెంచవచ్చని, తగ్గించవచ్చని చూపారు. కరెంటు ఆపాక కూడా ఆ మార్పు కొన్ని నిమిషాలు నిలిచింది.

పక్షవాతం మీద ఆశ పెంచింది మాత్రం ఒక సిద్ధాంతం. మెదడు రెండు అర్ధభాగాలూ ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటాయి. ఒకవైపు దెబ్బతింటే, బాగున్న వైపు దాన్ని మరీ అణచివేస్తుందని 2004లో మురాసే, కోహెన్ తదితరుల ప్రయోగం సూచించింది. అలాగైతే బాగున్న వైపును నెమ్మదైన అయస్కాంత ఉద్దీపనతో శాంతపరచాలి, లేదా దెబ్బతిన్న వైపును ఉత్తేజపరచాలి. 2005లో హుమెల్ బృందం ఆరుగురు రోగులపైనా, ఈజిప్టులో ఖెద్ర్ బృందం 52 మందిపైనా మంచి ఫలితాలు చూశాయి. అదే ఏడు బోస్టన్‌లో నేసర్ బృందం మాట పోయినవారిలో కొంత మెరుగుదల గమనించింది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. అమెరికాలో 199 మందితో చేసిన ‘నిచె’ అనే అధ్యయనం 2018లో వెలువడింది. అందరికీ చేతి వ్యాయామం చేయించారు. కొందరికి నిజమైన ఉద్దీపన, మిగిలినవారికి ఉత్తుత్తి ఉద్దీపన ఇచ్చారు. నిజమైనది పొందినవారిలో 67 శాతం, ఉత్తుత్తిది పొందినవారిలో 65 శాతం మెరుగయ్యారు. తేడా లేనట్టే. ఈ రంగంలో ఇంతకన్నా విలువైన ఫలితం లేదనాలి, ఎందుకంటే రెండు వర్గాలకూ ఉమ్మడిగా అందింది వ్యాయామమే.

సిద్ధాంతంలోని లోపాన్ని 2014లోనే డి పినో తదితరులు ఎత్తిచూపారు. మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవారికి బాగున్న వైపే ఆసరా కావచ్చు. దాన్ని అణచితే నష్టమే. అయినా 2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం, పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో చేతి కోసం నెమ్మదైన అయస్కాంత ఉద్దీపనకు అత్యున్నత స్థాయి ఆధారం ఉందని తేల్చింది.

ఏ రోగికి, ఎప్పుడు, ఏ వైపు ఇవ్వాలన్న ప్రశ్న ఇంకా తెగలేదు. అందాకా ఇది ఫిజియోథెరపీకి తోడే తప్ప బదులు కాదు. మూర్ఛ చరిత్ర ఉన్నవారు, తలలో లోహపు పరికరాలు ఉన్నవారు న్యూరాలజిస్టును అడగకుండా దీని జోలికి పోవద్దు.