కళ్లెం, హ్యాకమోర్

స్వారీకి గుర్రం తలకు తొడిగే సరంజామాలో రెండు ప్రధాన రకాలున్నాయి. నోట్లో లోహపు కమ్మీ ఉండి, దాని రెండు కొసలకూ పగ్గాలు కట్టి ఉంటే అది కళ్లెం. నోట్లో ఏమీ పెట్టకుండా ముక్కు దూలం చుట్టూ తొడిగిన పట్టీకి పగ్గాలు కడితే అది హ్యాకమోర్. గుర్రాన్ని కట్టేయడానికి, నీళ్లకు తోలుకుపోవడానికి వాడే తలతాడు ఈ రెండింటిలోనూ చేరదు. అవసరానికి దానితోనే స్వారీ చేసినవారు అన్ని కాలాల్లోనూ ఉన్నారు కాని, అది అందుకోసం తయారైంది కాదు.

గుర్రం దవడలో ముందరి కొరికే పళ్లకూ వెనకటి నమిలే పళ్లకూ మధ్య కొంత జాగా ఖాళీగా ఉంటుంది. కళ్లెపు కమ్మీ అక్కడి చిగురు మీద, నాలుక మీద ఆనుతుంది. స్నాఫిల్ అనే సాదా రకంలో చేతి లాగుడు ఎంతో నోటి మీద ఒత్తిడీ దాదాపు అంతే. కర్బ్ అనే రకంలో కమ్మీకి ఇరువైపులా కిందికి దిగే కాడలుంటాయి, గడ్డం కింద గొలుసు ఉంటుంది. కాడ మీటలా పనిచేసి చిన్న లాగుడును కూడా పెద్ద ఒత్తిడిగా మారుస్తుంది. హ్యాకమోర్‌లో నోటికి ఏ ప్రమేయమూ లేదు. ముక్కు ఎముక, దవడ అంచులు, గడ్డం కింది భాగం ఒత్తిడిని అందుకుంటాయి. ముక్కు ఎముక కొసకు వచ్చేసరికి మృదులాస్థి మాత్రమే మిగులుతుంది కనుక పట్టీ అంత కిందికి జారితే గుర్రానికి నొప్పి, ఊపిరికి ఇబ్బంది.

తొలి ఆధారాలు

రెండింటిలో ముందుది ఏదన్న ప్రశ్నకు తోలు, తాడు మట్టిలో నిలవకపోవడమే పెద్ద చిక్కు. కజకిస్తాన్ ఉత్తర ప్రాంతంలోని బోతాయ్‌లో క్రీ.పూ. 3500 నాటి గుర్రాల పళ్లు దొరికాయి. వాటి అరుగుదల కళ్లెం వల్లే వచ్చిందని డేవిడ్ ఆంథనీ, డోర్కాస్ బ్రౌన్ వాదించారు. అది సహజంగానూ రావచ్చని 2021లో వెలువడిన మరో పరిశోధన చెప్పింది. ఉరల్ పర్వతాల తూర్పున సింతాష్తా సమాధుల్లో, సుమారు క్రీ.పూ. 2000 నాటి రథాల పక్కన దొరికిన ఎముక, కొమ్ము బిళ్లల గురించి ఇంత తగవు లేదు. అవి గుర్రం చెక్కిళ్లకు ఆనుకుని కమ్మీని పక్కకు జారనివ్వకుండా పట్టి ఉంచేవి. కొన్నింటికి లోపలివైపు మొనలు కూడా ఉన్నాయి.

ముక్కును పట్టి నడిపే పద్ధతి మెసపొటేమియాలో అంతకంటే ముందే కనిపిస్తుంది. లియొనార్డ్ వూలీ ఊర్ నగరంలో తవ్వి తీసిన, క్రీ.పూ. 2500 ప్రాంతపు చిత్రఫలకం మీద బండ్లను లాగే జంతువులకు మూతి దగ్గర కడియం ఉంది, పగ్గాలు దానికే కట్టారు. అవి గుర్రాలు కావు. ఆడ గాడిదకూ మగ అడవి గాడిదకూ పుట్టిన కుంగా అనే సంకర జాతి ఆ కాలంలో ఉండేదని 2022లో జన్యు పరీక్షలు తేల్చాయి. ఫలకం మీదివి కుంగాలేనని పరిశోధకుల అభిప్రాయం. మన ఎద్దుకు ముకుతాడు ఎలాగో కుంగాకు ఆ కడియం అలాగ. ఎద్దును తిప్పడానికి చాలిన పద్ధతి వేగంగా పరుగెత్తే గుర్రానికి చాలలేదు. రథాలతో పాటు లోహపు కళ్లెం పశ్చిమాసియా అంతటా వ్యాపించింది. నీనెవె రాజప్రాసాదపు గోడల మీద, సుమారు క్రీ.పూ. 645లో చెక్కిన అషుర్‌బనిపాల్ సింహాల వేట శిల్పాల్లో రాజు రెండు చేతులా విల్లు ఎక్కుపెట్టి ఉంటాడు. పగ్గాలు గుర్రం మెడ మీద వదిలేసి ఉంటాయి.

జెనఫన్, నియార్కస్

అశ్వవిద్య మీద పూర్తిగా మిగిలిన గ్రీకు గ్రంథాల్లో పాతది ఏథెన్స్ వాడైన జెనఫన్‌ది, క్రీ.పూ. నాలుగో శతాబ్దం. రౌతు దగ్గర కనీసం రెండు కళ్లేలుండాలని ఆయన చెప్పాడు. ఒకటి నున్నది, రెండోది ముళ్ల బిళ్లలున్న గరుకుది. గరుకుదానితో మాట వినడం నేర్చాక నున్నదానికి మార్చాలి. కమ్మీ బిగుసుకుపోయి ఉండకూడదు, అతుకుల దగ్గర వదులుగా ఆడాలి. లేకపోతే గుర్రం దాన్ని మొత్తంగా దవడతో పట్టేస్తుంది. తలతాడు ముడి కళ్లెపు పట్టీ పడే చోట వేయవద్దని, అక్కడ రాపిడికి పుండు పడితే ఆ గుర్రం కళ్లెం తొడగనివ్వదని హెచ్చరించాడు. గుర్రపుశాలలో పనిచేసినవాడికే తెలిసే సంగతులివి. నేటి శిక్షకులు కూడా వీటిలో దిద్దవలసింది తక్కువ.

అలెగ్జాండర్ నౌకాదళాన్ని సింధు నది ముఖం నుంచి పారసీక గల్ఫుకు నడిపిన నియార్కస్, భారతీయుల గుర్రాల తలకట్టును వర్ణించాడు. అతని రచన పోయింది. క్రీ.శ. రెండో శతాబ్దపు ఏరియన్ తన ఇండికాలో ఆ వర్ణనను ఎత్తి రాసుకోవడం వల్ల అది మిగిలింది. భారతీయులు గ్రీకుల, కెల్టుల కళ్లేల వంటివి వాడరట. గుర్రం మూతి చుట్టూ పచ్చి ఎద్దుతోలు కుట్టిన పట్టీ తొడుగుతారు. దాని లోపలివైపు కంచు లేదా ఇనుప మొనలుంటాయి, అవి మరీ వాడిగా ఉండవు. ధనవంతులైతే దంతపు మొనలు పెట్టిస్తారు. నోట్లో మాత్రం శూలం వంటి ఇనుప కమ్మీ ఉంటుంది, పగ్గాలు దానికే కడతారు. పగ్గం లాగితే నోట్లో కమ్మీ పట్టుకుంటుంది, మూతి మీద మొనలు గుచ్చుకుంటాయి. ఈ వ్యాసంలో విడివిడిగా చెబుతున్న రెండు పద్ధతులూ ఆ ఒక్క తలకట్టులో కలిసిపోయి ఉన్నాయి. మూతి పట్టీ వివరం ఇంత స్పష్టంగా ఉన్న ప్రాచీన వర్ణన మరొకటి అరుదు. మొనల వాడకం మన దేశంలో ఎంతకాలం నిలిచిందంటే, బండి లాగే, బరువు మోసే జంతువుల మీద క్రౌర్యాన్ని అరికట్టే 1965 నాటి కేంద్ర నిబంధనల్లో ముళ్ల కళ్లేలను పేరు పెట్టి నిషేధించవలసి వచ్చింది.

ఉత్తరాఫ్రికాలోని నుమిడియన్లు ఏ కళ్లెమూ లేకుండానే స్వారీ చేసేవారని లాటిన్, గ్రీకు చరిత్రకారులు ఆశ్చర్యంగా రాశారు. రోమ్‌లో క్రీ.శ. 113లో నిలబెట్టిన ట్రాజన్ స్తంభం మీద ఉత్తరాఫ్రికా వారే అయిన మూరు అశ్వికుల గుర్రాలకు తలకట్టే లేదు. కర్బ్ కళ్లేన్ని రోమన్లు తమ ఉత్తరాన ఉన్న కెల్టుల ద్వారా అందుకున్నారు. ఆ తర్వాత వేయి సంవత్సరాలకు పైగా యూరప్ రౌతుల చేతిలో అదే కాడలు పొడుగు పెంచుకుంటూ వచ్చింది.

విజయనగరం

1520 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయల కాలపు మహర్నవమి ఉత్సవాన్ని చూసిన పోర్చుగీసు వాడు డొమింగో పాయెస్ ఊరేగింపు గుర్రాల నుదుటి బిళ్లల గురించి రాశాడు. అవి కొన్ని వెండివి, ఎక్కువ భాగం బంగారు పూతవి. వాటికి రంగురంగుల పట్టు కుచ్చులు, పగ్గాలూ పట్టువే. విజయనగర రాజు హొర్ముజ్ గుర్రాలు, స్థానిక గుర్రాలు కలిపి ఏటా 13,000 కొనేవాడని మరో పోర్చుగీసు వాడు న్యూనిజ్ లెక్క కట్టాడు. మహానవమి దిబ్బ రాళ్ల మీద గుర్రాలను నడిపించుకువస్తున్న విదేశీ వర్తకుల బొమ్మలను నేటికీ చూడవచ్చు.

కాలిఫోర్నియా పశుపాలకులు

హ్యాకమోర్‌ను ఒక విద్యగా తీర్చిదిద్దినవారు కాలిఫోర్నియాలోని వకేరోలు, అంటే స్పానిష్ సంప్రదాయపు గుర్రపు పశుపాలకులు. ఉత్తరాఫ్రికా నుంచి స్పెయిన్‌కు చేరిన ముక్కుపట్టీ స్వారీ, 1519లో కోర్తెస్ 16 గుర్రాలతో మెక్సికో తీరాన దిగాక అమెరికా ఖండంలో కాలుపెట్టింది. 1769లో శాన్ డియేగో దగ్గర మొదటి క్రైస్తవ మిషన్ వెలిసింది. 1823 నాటికి తీరం వెంట అలాంటివి 21 అయ్యాయి. మిషన్ల మందలను కాసే పని చాలావరకు స్థానిక ఆదివాసులకే నేర్పారు. తొలి వకేరోలలో వారే ఎక్కువ. ఓడలెక్కే సరుకు తోళ్లు, పశువుల కొవ్వు. ఇనుము దూరం నుంచి రావాలి, పచ్చితోలు మాత్రం ఎక్కడ చూసినా ఉంది. అక్కడి తలకట్టు తోలు అల్లికగా రూపొందడానికి ఆ సమృద్ధి బాగా తోడ్పడింది.

ఆ తలకట్టులో ప్రధాన భాగం బోసాల్. సన్నగా చీల్చిన పచ్చితోలు పోగులను లోపలి తోలు పేట చుట్టూ అల్లి, కన్నీటిబొట్టు ఆకారంలో వంచి, గడ్డం కింద బరువైన ముడితో ముగిస్తారు. గుర్రపు జూలు వెంట్రుకలతో పేనిన మెకాతే అనే సుమారు 22 అడుగుల తాడును ఆ ముడికి చుట్టి, ఒక మడతను పగ్గాలుగా వదిలి, మిగిలిన కొసను రౌతు నడుముకో జీనుకో దోపుకుంటాడు. జూలు తాడు గరుకు మెడకు తగలగానే గుర్రం అటునుంచి పక్కకు జరుగుతుంది. బోసాల్‌ను రెండు పగ్గాలతో ఒకేసారి గట్టిగా లాగి పట్టుకోకూడదు. అలా లాగితే గుర్రం ముక్కును దానికి ఆనించి ఎదురు లాగడం నేర్చుకుంటుంది. ఒక పక్క లాగి వెంటనే వదలాలి, మళ్లీ లాగాలి. వదిలే క్షణంలోనే గుర్రానికి పాఠం అందుతుంది.

పిల్ల గుర్రానికి ముందు బోసాలే ఎందుకన్నదానికి పళ్లు ఒక కారణం. రెండున్నర ఏళ్ల నుంచి అయిదేళ్ల లోపు గుర్రానికి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తుంటాయి. ఆ కాలంలో నోట్లో ఇనుము పెడితే వాచిన చిగురుకు తగిలి, గుర్రం తల విదిలించడం అలవాటు చేసుకుంటుంది. వకేరో తొందరపడేవాడు కాదు. లావు బోసాల్‌తో మొదలుపెట్టి, గుర్రం తేలికపడుతున్నకొద్దీ సన్నదానికి మారేవాడు. తర్వాతి దశలో స్పేడ్ కళ్లెం నోట్లో పెట్టి, కింద పెన్సిలంత బోసాల్ కూడా ఉంచి, రెండు జతల పగ్గాలూ పట్టుకునేవాడు. మొదట్లో కళ్లేన్ని గుర్రం ఊరికే మోస్తుంది, పని బోసాల్‌దే. నెలల తరబడి పని మెల్లగా ఒకదాని నుంచి మరొకదానికి బదిలీ అవుతుంది. చివరకు కళ్లెం ఒక్కటే మిగులుతుంది. స్పేడ్ కళ్లేనికి నాలుక మీదుగా అంగిలి వైపు లేచే గరిటె వంటి రేకు, గుర్రం నాలుకతో తిప్పుకునే రాగి చక్రం ఉంటాయి. మొరటు చేతిలో అది నోటిని చీల్చగలదు. అందుకే అన్నీ నేర్చిన గుర్రానికి తప్ప ఇచ్చేవారు కాదు. ఈ క్రమం పూర్తి కావడానికి కొన్నేళ్లు పట్టేది. పశ్చిమ అమెరికా గుర్రపు విద్యలో ఇంత ఓపికగా సాగిన సంప్రదాయం మరొకటి కనిపించదు.

1848లో కాలిఫోర్నియా అమెరికా చేతికి వచ్చింది. పొలాలకు కంచెలు పడ్డాయి, శిక్షణకు ఏళ్లు కేటాయించే తీరిక పోయింది. పాత పద్ధతి నోటిమాటగానే నిలిచింది. దాన్ని పుస్తకంగా పెట్టినవాడు ఎడ్ కానెల్. ఆయన హ్యాకమోర్ రీన్స్‌మన్ 1952లో వెలువడింది. బోసాల్ అల్లికలో పేరు మోసిన లూయిస్ ఒర్తేగా 1897లో పుట్టినవాడు, ఆ తోలుపనిని కళ స్థాయికి తీసుకుపోయాడు. 1949లో మొదలైన కాలిఫోర్నియా రీన్డ్ కౌ హార్స్ సంఘం తర్వాత జాతీయ సంఘమైంది. దాని పోటీల్లో హ్యాకమోర్, రెండు జతల పగ్గాల దశ, కళ్లెం వేర్వేరు విభాగాలుగా ఇప్పటికీ సాగుతున్నాయి.

తర్వాతి మార్పులు

ఇరవయ్యో శతాబ్దంలో మెకానికల్ హ్యాకమోర్ వచ్చింది. దీనికి ముక్కుపట్టీతో పాటు లోహపు కాడలు, గడ్డం గొలుసు ఉంటాయి. నోటిని వదిలిందే తప్ప పనితీరులో ఇది కర్బ్‌కు దగ్గరి బంధువు, బోసాల్‌తో దీనికి పేరు మాత్రమే సామ్యం. కాడలు పొడుగైతే ముక్కు మీద ఒత్తిడి తీవ్రంగా ఉంటుంది.

1999లో పశువైద్యుడు రాబర్ట్ కుక్ నోట్లో కమ్మీ వల్ల కలిగే బాధ, ఊపిరి ఇబ్బందుల గురించి ఒక వ్యాసం ప్రచురించాక కళ్లెం లేని స్వారీ గురించి వాదం పెరిగింది. ఫిన్లాండులో పందెం ముగిసిన వెంటనే 261 ట్రాటర్ (దుడుకు నడక పందెపు) గుర్రాల నోళ్లు పరీక్షిస్తే 84 శాతం వాటికి కమ్మీ తగిలే చోట గాయాలు కనిపించాయని 2019లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అలాగని ముక్కు సురక్షితమని చెప్పలేం. మరుసటి ఏడాది 144 అశ్వికదళ గుర్రాల ఎక్స్‌రేలు తీసి చూసిన మరో అధ్యయనంలో పట్టీ పడే చోట ముక్కు ఎముకలో మార్పులు కొన్నింటిలో బయటపడ్డాయి.

అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య నిబంధనల్లో గుర్రం నడకల తీరును పరీక్షించే డ్రెసాజ్ పోటీకి నోట్లో కమ్మీ తప్పనిసరి. షో జంపింగ్‌లో హ్యాకమోర్‌కు అనుమతి ఉంది. మూడు అంకాలుండే ఈవెంటింగ్‌లో ఒకే గుర్రం డ్రెసాజ్ రోజున కళ్లెంతో దిగి, జంపింగ్ రోజున హ్యాకమోర్‌తో రావచ్చు.