కోనసీమ ముంపు నివారణ, అభివృద్ధి ప్రణాళికలు

కోనసీమ ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి నదీపాయల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న డెల్టా ప్రాంతం. వరి, కొబ్బరి, అరటి ఇక్కడి ప్రధాన పంటలు. సారవంతమైన నేల, పుష్కలమైన కాలువ నీరు ఉన్నప్పటికీ నదీ వరదలు, తుపానులు, మురుగునీటి ముంపు ఈ ప్రాంత వ్యవసాయాన్ని తరచుగా దెబ్బతీస్తున్నాయి. ఆనకట్ట నిర్మాణం నుండి డెల్టా ఆధునికీకరణ వరకు ఇక్కడ చేపట్టిన ప్రణాళికలన్నిటికీ రెండు లక్ష్యాలున్నాయి. మొదటిది పొలానికి నీరు చేర్చడం, రెండవది పొలంలో నిలిచిన నీటిని బయటకు పంపడం. మొదటిది చాలావరకు నెరవేరింది. రెండవది నేటికీ అసంపూర్ణంగానే ఉన్నది.

భౌగోళిక స్వరూపం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అను రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి వైనతేయ విడిపోయి కోనసీమ మధ్యగా ప్రవహించి ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది. వసిష్ఠ అంతర్వేది వద్ద సాగరసంగమం చేస్తుంది. ఈ విధంగా కోనసీమకు మూడు వైపుల నది, నాలుగవ వైపున సముద్రం ఉన్నాయి.

2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లాను విభజించి అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లాను ఏర్పాటు చేశారు. అదే సంవత్సరం దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు మార్చారు. గౌతమికి ఎడమ ఒడ్డున ఉన్న రామచంద్రపురం తదితర ప్రాంతాలను కూడా ఈ జిల్లాలో చేర్చారు. అయితే వ్యవహారంలో కోనసీమ అంటే గౌతమి, వసిష్ఠల నడిమి భూభాగమే. నీటిపారుదల శాఖ పరిభాషలో దీనిని మధ్య డెల్టా అంటారు. దీని ఆయకట్టు సుమారు 2 లక్షల ఎకరాలు.

ముంపు రకాలు

కోనసీమలో ముంపు మూడు విధాలుగా వస్తుంది. వీటి కారణాలు వేరు, నివారణ మార్గాలు కూడా వేరు.

* నదీ వరద: మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణలలో కురిసిన వర్షాలకు జులై నుండి సెప్టెంబరు వరకు గోదావరి పొంగుతుంది. ఏటిగట్లకు, నదికి మధ్యనున్న లంక గ్రామాలు మొదట మునుగుతాయి. గట్టు తెగితే లోపలి గ్రామాలు కూడా మునుగుతాయి.
* తుపాను: అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో ఏర్పడే తుపానులు వరి కోతకు వచ్చే సమయంలో విరుచుకుపడతాయి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వల్ల వెయ్యి మందికి పైగా మరణించారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం సమీపాన తీరం దాటింది.
* మురుగు ముంపు: నదికి వరద లేకపోయినా, తుపాను రాకపోయినా, నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన కురిస్తే పల్లపు చేలలో నీరు నిలిచిపోతుంది. ఊడ్చిన నారు కుళ్ళిపోతుంది. మొదటి రెండింటివలె ఇది వార్తలకు ఎక్కదు గాని, రైతును ఎక్కువసార్లు నష్టపరిచేది ఇదే.

ప్రధాన వరదలు

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగుల వద్ద రెండవది, 17.75 అడుగుల వద్ద మూడవది జారీ చేస్తారు. అక్కడి గరిష్ఠ ప్రవాహాలు సుమారుగా ఇవి:

* 1953 – 30 లక్షల క్యూసెక్కులు
* 1986 ఆగస్టు – 35 లక్షల క్యూసెక్కులు
* 2006 ఆగస్టు – 28 లక్షల క్యూసెక్కులు
* 2020 ఆగస్టు – 22 లక్షల క్యూసెక్కులు
* 2022 జులై – 25 లక్షల క్యూసెక్కులు

1986 వరద అన్నిటిలోకి పెద్దది. 2006లో ప్రవాహం అంతకంటె తక్కువే అయినా శానపల్లిలంక, మొండెపులంక వద్ద ఏటిగట్లు తెగి పలు గ్రామాలు నీట మునిగాయి. నష్టం నీటి పరిమాణం మీదనే గాక గట్టు పటిష్ఠత మీద కూడా ఆధారపడుతుందని ఈ వరద తెలిపింది.

ఆనకట్ట, కాలువలు

19వ శతాబ్దం పూర్వార్ధంలో గోదావరి మండలం కరవులతోను, వరదలతోను క్షీణించింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రణాళిక ప్రకారం 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించబడినది. దాని స్థానంలో కట్టిన నేటి బ్యారేజి 1982 నాటికి పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 10 లక్షల ఎకరాలకు దీని నుండి నీరు అందుతుంది.

వైనతేయకు ఆవల ఉన్న రాజోలు ప్రాంతానికి నీరందించుటకు పి.గన్నవరం వద్ద నదిపై 1850లలో అక్విడక్టు నిర్మించారు. పైన కాలువ, క్రింద నది ప్రవహించే ఈ కట్టడానికి 49 ఖానాలు ఉన్నాయి. దీని ప్రక్కనే కట్టిన కొత్త అక్విడక్టు 2000లో వాడుకలోకి వచ్చింది. అన్నదాతగా ప్రసిద్ధిచెందిన డొక్కా సీతమ్మ పేరు దానికి పెట్టారు.

మురుగునీటి పారుదల

కోనసీమ పల్లపు భూములు సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. కాబట్టి మురుగు కాలువలకు వాలు చాలా తక్కువ. సముద్రానికి పోటు ఉన్నంతసేపు మురుగునీరు బయటకు పోదు. పాటు సమయంలో మాత్రమే కాలువ లాగుతుంది. నదికి వరద ఉన్నప్పుడు నదిలోకి తెరచుకునే తూములు మూసివేయవలసి వస్తుంది. అదే సమయంలో లోపల వాన కురిస్తే ఆ నీటికి దారి ఉండదు.

కౌశిక, కూనవరం, వాసాలతిప్ప, శంకరగుప్తం, పంచనది మొదలగునవి ఇక్కడి ముఖ్యమైన మురుగు కాలువలు. ఇవి పూడిపోవుటకు ప్రధాన కారణాలు:

* సముద్రం వద్ద మొగలలో ఇసుక మేటలు వేయడం
* గుర్రపుడెక్క, తూడు పెరిగిపోవడం
* గట్లు, గర్భం ఆక్రమణలకు గురికావడం
* చేపలు, రొయ్యల చెరువుల వల్ల సహజ నీటిదారులు మూసుకుపోవడం

కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యపై 1964లో ఎ.సి. మిత్రా అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడినది. మురుగు కాలువల వెడల్పు, లోతు పెంచాలని, ముఖద్వారాలను సరిచేయాలని ఈ సంఘం సూచించింది. ఈ పనులకు నిధులు సమకూర్చడానికి 1968లో డెల్టా ప్రాంత డ్రైనేజి సెస్సు చట్టం చేశారు. అనగా నీరు తెచ్చుకోవడానికి శిస్తు కట్టిన రైతు, నీరు పోవడానికి కూడా పన్ను కట్టవలసి వచ్చింది. ఆ తరువాత పనులు జరిగాయి గాని, కాలువ తవ్వినంత మాత్రాన సమస్య తీరదు. ఏటేటా పూడిక తీయకపోతే కొద్ది సంవత్సరాలలోనే పూర్వస్థితికి వస్తుంది.

మురుగు కాలువ ముఖద్వారం వెడల్పు చేయడంలో మరొక చిక్కు కూడా ఉన్నది. అడ్డుకట్ట లేకపోతే పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిను వెంబడి కొబ్బరిచెట్లు మోడులవడానికి ఈ ఉప్పునీరే కారణమని రైతులు చాలాకాలంగా చెబుతున్నారు. 2025లో ఈ విషయం రాష్ట్రవ్యాప్తంగా చర్చకు వచ్చింది.

ఏటిగట్లు, డెల్టా ఆధునికీకరణ

2006 అనుభవం తరువాత ఏటిగట్లను 1986 వరదమట్టం ప్రమాణంగా ఎత్తు, వెడల్పు పెంచే పనులు చేపట్టారు. అదే దశకంలో డెల్టా ఆధునికీకరణ కూడా మొదలైంది. కాలువలకు లైనింగు, లాకులు, స్లూయిజుల మరమ్మతు, మురుగు కాలువల పూడికతీత దీనిలోని అంశాలు.

ఈ పథకానికి ముఖ్యమైన అడ్డంకి సమయం. కాలువలు కట్టివేసిన వేసవిలో కొద్ది వారాలు మాత్రమే పని చేయవచ్చును. ఎక్కువ వ్యవధి కావాలంటే దాళ్వా పంటకు నీరు నిలపాలి. ముంపు వల్ల సార్వా నమ్మకం లేని రైతుకు దాళ్వాయే ఆధారం కనుక దానిని వదులుకోవడానికి అతడు ఇష్టపడడు. దాళ్వా వదలనిదే సార్వాను కాపాడే పనులు పూర్తికావు. ఈ కారణంగా పనులు ముక్కలుముక్కలుగా సాగాయి.

పంట విరామం

2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలలో వరి సాగు మానివేశారు. దీనికే పంట విరామం లేదా క్రాప్ హాలిడే అని పేరు. గిట్టుబాటు ధర లేకపోవడం, పెరిగిన కూలి రేట్లు, ధాన్యం నిల్వకు చోటు లేకపోవడంతో పాటు మురుగు ముంపును కూడా రైతులు కారణంగా చూపారు. దీనిపై రాష్ట్రప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. 2022లో కూడా కొన్ని మండలాల రైతులు పంట విరామం ప్రకటించారు.

ముంపు నష్టాన్ని తగ్గించడానికి రెండు వ్యవసాయ మార్గాలు అమలులో ఉన్నాయి. ఒకటి, జూన్ ఆరంభంలోనే నీరు వదలి, తుపానుల కాలానికి ముందే కోత పూర్తిచేయుట. రెండు, నీట మునిగినా కొన్నాళ్ళు తట్టుకొనే వరి వంగడాలను వాడుట. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం రూపొందించిన స్వర్ణ రకానికి ముంపును తట్టుకొనే జన్యువును చేర్చిన స్వర్ణ సబ్-1 రకం 2009లో విడుదలైంది. కొబ్బరి రైతులకు అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా కేంద్రం సలహాలు ఇస్తుంది.

పంట నష్టపరిహారంలో కౌలుదారుల సమస్య ప్రత్యేకమైనది. ఇక్కడ సాగుదారులలో కౌలుదారులు అధికం. పత్రాలు లేని కౌలుదారునికి బ్యాంకు రుణం గాని, పరిహారం గాని సులభంగా అందవు. దీని పరిష్కారానికి 2011లోను, 2019లోను చట్టాలు చేశారు. 2019 చట్టంలో భూయజమాని అంగీకారం అవసరమైనందున దాని ప్రయోజనం అందరికీ చేరలేదు.

లంక గ్రామాలు, రవాణా

లంకలలో ఒండ్రు నేల మీద కూరగాయలు, అరటి విస్తారంగా పండుతాయి. వరద వచ్చినప్పుడు కాజ్‌వేలు మునిగి నాటుపడవలే దిక్కవుతాయి. చాకలిపాలెం నుండి కనకాయలంక వెళ్ళే కాజ్‌వే ఇందుకు ఉదాహరణ. నదీకోత వల్ల ఏటా కొంత లంక భూమి గోదావరిపాలవుతోంది. పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక తదితర నాలుగు లంక గ్రామాల కొరకు వంతెన నిర్మాణం చేపట్టారు.

రోడ్డు వంతెనలలో 2002లో ప్రారంభమైన యానాం–ఎదుర్లంక వంతెన ముఖ్యమైనది. దీనికి లోక్‌సభ సభాపతిగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. 2000–01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం మూడు నదీపాయలను దాటవలసి ఉన్నందున దశాబ్దాలుగా నిర్మాణంలోనే ఉన్నది.

భవిష్యత్ అంశాలు

ఎగువన ఆనకట్టలు పెరగడం వల్ల నది తెచ్చే ఒండ్రు తగ్గి, డెల్టా తీరం కోతకు గురవుతున్నదని శాస్త్రజ్ఞులు గుర్తించారు. సముద్రమట్టం పెరిగితే మురుగు కాలువల వాలు ఇంకా తగ్గుతుంది. నిర్మాణంలో ఉన్న పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి రూపొందించారు. జలాశయం నిల్వ సామర్థ్యం 194 టి.ఎం.సి.లు. 25 లక్షల క్యూసెక్కుల వరద ఒక్క రోజులో 200 టి.ఎం.సి.లకు పైగా నీటిని తెస్తుంది. కాబట్టి పోలవరం పూర్తయినా పెద్ద వరదల నుండి ఏటిగట్లే కోనసీమకు రక్షణ. లోపలి వాననీటికి మురుగు కాలువలే మార్గం.

ఇవి కూడా చూడండి

* ధవళేశ్వరం ఆనకట్ట
* ఆర్థర్ కాటన్
* పోలవరం ప్రాజెక్టు
* డొక్కా సీతమ్మ
* కొల్లేరు సరస్సు
* దివిసీమ ఉప్పెన